నిద్ర పట్టని ఇల్లాలు

"ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు" అను సామెత మన యిండ్లలో వినని వారుండరు. మాటవరుసకు అనుకొను సామెతయే యైనను, నిద్రను గూర్చి శాస్త్రజ్ఞులు చెప్పు మొదటి సత్యము అందులో ఇమిడియున్నది. నిద్రకును ఒక ఆకలి కలదు. మనము మేలుకొని యున్నంతసేపు మెదడులో అడినొసిన్ అను పదార్థము కొద్దికొద్దిగా పేరుకొనుచుండును. అది పెరిగినకొలది నిద్రాకాంక్ష పెరుగును, నిద్రించినపుడు తరిగిపోవును. దీనికి తోడు మెదడులో గడియారము వంటి ఏర్పాటొకటి ఉండి, వెలుతురును చీకటిని అనుసరించి పగలు మెలకువను, రాత్రి మగతను కలిగించును. ఈ ఆకలియు ఆ గడియారమును కూడివచ్చిన వేళ నిద్ర తనంత తాను వచ్చును. ఇట్లు రెండు శక్తుల కూడికగా నిద్రను వివరించినవాడు అలెగ్జాండర్ బోర్బెలీ అను శాస్త్రజ్ఞుడు. అది 1982వ సంవత్సరపు మాట.

అట్లయిన, తెల్లవారుజామున నాలుగు గంటలకే కుళాయి నీళ్ళకొరకు లేచి, రాత్రి పదిన్నర వరకు నడుము వాల్చని ఇల్లాలికి ఈ ఆకలి కొదువయా? "ఒళ్ళు హూనమైపోయింది, కన్ను మాత్రం మూతపడదు" అని ఆమె ఏల వాపోవుచున్నది? ఈ ప్రసంగమునకు విషయ మదియే.

ముందుగా ఒక మాట. ఒకటి రెండు రాత్రులు నిద్ర చెడుట వ్యాధి కాదు. ఇంట పెండ్లి తలపెట్టినపుడును, బిడ్డకు జ్వరము తగిలినపుడును నిద్ర రాకుండుటయే సహజము. నడిరేయి రెండు మూడు మారులు మెలకువ వచ్చి తిరిగి కన్నంటుకొనుటయు రోగము కాదు. వారమునకు మూడు రాత్రులైనను నిద్ర పట్టకయో, పట్టిన నిద్ర నిలువకయో మూడు మాసములు గడచి, దానివలన పగటివేళ అలసట, చిరాకు, మతిమరపు కలుగుచున్నచో వైద్యులు దానిని దీర్ఘకాలిక నిద్రలేమి యందురు. ఈ బాధ పురుషులలో కంటె స్త్రీలలో సుమారు ఒకటిన్నర రెట్లు అధికము. ఈ భేదము బాల్యమున కానరాదు. ఆడపిల్ల ఈడేరిన పిదపనే ఆరంభమగును. కావున దీని మూలము కొంత దేహమునందే యున్నదని గ్రహింపవలెను. కొంత మాత్రమే సుమా!

బహిష్టుకు ముందరి రెండు వారములలో ప్రొజెస్టిరోన్ అను స్రావము హెచ్చి, దేహపు వేడిమి స్వల్పముగా పెరుగును. నిద్ర వచ్చు వేళకు దేహము చల్లబడవలసియుండగా ఈ వేడిమి కొంత అడ్డు తగులును. బహిష్టు సమీపించగానే ఆ స్రావము చటుక్కున తగ్గుటచే, ఆ రెండు మూడు రాత్రులు కొందరికి నిద్ర కలతబారును. గర్భిణికి తొలి మాసములలో పగలెల్ల మగతగా నుండి, నెలలు నిండిన పిదప శిశువు బరువు, గుండెమంట, మాటిమాటికి మూత్రమునకు లేచుట రాత్రులను చెరచును. ఇవి కాలము గడచిన సర్దుకొనునవి. వీనికై బెంగపెట్టుకొన నవసరము లేదు.

బెంగ పెట్టుకొనవలసిన వేరొకటి యున్నది. దానిని మనము తేలికగా తీసివేయుచున్నాము. పడక మీద వాలగానే పిక్కలలో ఏదో ప్రాకుచున్నట్లు, లోపలినుండి లాగుచున్నట్లు తోచి, కాళ్ళు కదపక నిలువలేకపోవుట. లేచి నాలుగడుగులు నడచిన శాంతించుట. మరల పడుకొనగానే మొదలగుట. "కాళ్ళు లాగుతున్నాయి" అని మనుమరాలిని పిలిచి కాళ్ళు పట్టించుకొను పెద్దమ్మలను, పిక్కలకు గుడ్డ బిగించి కట్టుకొను ఇల్లాండ్రను చూడని వారెవరు? పనిబడలిక అని అందరును అనుకొందురు. స్వీడను దేశపు వైద్యుడు ఎక్‌బామ్ 1945లో దీనిని సవిస్తరముగా వర్ణించి, ఇది నాడీమండలమునకు సంబంధించిన వ్యాధి యని నిరూపించెను. పురుషులలో కంటె స్త్రీలలో ఇది సుమారు రెట్టింపు. దీనికి గల ముఖ్య కారణములలో శరీరమున ఇనుము తరుగుట ఒకటి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. కావున కాళ్ళు లాగు స్త్రీ నిద్రమాత్రను అడుగుటకు ముందు రక్తపరీక్ష చేయించుకొనవలెను. హిమోగ్లోబిన్ సరిగా నున్నను ఇనుపనిల్వ తరిగియుండవచ్చును. దానిని తెలుపునది ఫెరిటిన్ పరీక్ష. మరియొక సంగతి: భోజనముతో గాని, భోజనము చేసిన వెంటనే గాని కాఫీయో తేనీరో త్రాగినచో, తిన్న కూరలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

కాఫీ ప్రస్తావన వచ్చినది గనుక ఇంకొక్క మాట. కాఫీ అడినొసిన్ పనిని అడ్డగించును, అనగా నిద్రాకలిని చంపును. సాయంత్రము నాలుగు గంటలకు త్రాగిన ఫిల్టరు కాఫీలోని కెఫీన్ సగము వంతు రాత్రి తొమ్మిదింటికి కూడ ఒంటిలో నిలిచియే యుండును. గర్భనిరోధక మాత్రలు వాడు స్త్రీలలో అది విరుగుటకు దాదాపు రెట్టింపు కాలము పట్టును. నెలలు నిండిన గర్భిణిలో అంతకంటెను ఆలస్యము. ఒకే కూజాలోని కాఫీ భర్తను నిద్రపోనిచ్చి భార్యను మేలుకొలుపుటలో వింత యేమియు లేదు.

ముట్లుడుగు వయస్సున కష్టము మరియొక తీరు. నడిరేయి చటుక్కున ముఖము, మెడ, రొమ్ము ఆవిర్లు క్రక్కి, చెమటతో రవికె తడిసి మెలకువ వచ్చును. పిదప చలి పుట్టును. ఒకే రాత్రి ఇది పలుమారులు జరుగవచ్చును, కొందరికి ఏండ్ల తరబడి నిలువవచ్చును. నూలుబట్టలు, గాలి ఆడు గది కొంత మేలు చేయును. బాధ హెచ్చుగా నున్నచో దీనికి మందులున్నవి. స్త్రీ స్రావములతో కూడిన చికిత్స కొందరికి తగును, రొమ్ము క్యాన్సరు వచ్చినవారి వంటి మరికొందరికి తగదు. దీనిని నిర్ణయింపవలసినది వైద్యులు. ఈ వయస్సులోనే గురకవ్యాధియు స్త్రీలలో పెరుగును. గురక మగవారి సొత్తని మనము తలంతుము. గురక పెట్టునని చెప్పుకొనుటకు స్త్రీలు సిగ్గుపడుదురు. ఊపిరి సలుపక ఉలికిపడి లేచుట, తెల్లవారి తలనొప్పి, నోరెండుట ఉన్నచో ఆ పరీక్ష తప్పక చేయించుకొనవలెను. అట్టివారికి కొన్ని నిద్రమాత్రలు ఊపిరిని మరింత మందగింపజేయును.

ఇక దేహము వెలుపలి కారణములు. భారత ప్రభుత్వము 2019లో జరిపించిన కాలవినియోగ సర్వేలో, జీతము లేని ఇంటిపనికై ఆ పని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. నిమిషముల లెక్కలో చేరనిది మరొకటి కలదు. ఇంటిల్లిపాది నిద్రించినను తల్లి చెవి ఒకటి తెరచియే యుండును. పాలు తోడువేసితినా, గ్యాసు కట్టితినా, అత్తగారు స్నానాలగదికి లేచిరా, పిల్లవాని దగ్గు మొదలైనదా? కుమారుడు అమెరికాలో నున్న తల్లి సంగతి చెప్పనే నక్కరలేదు. అతనికి తెల్లవారి కార్యాలయమునకు బయలుదేరు వేళ మనకు పడుకొను వేళ. ఫోనులో అతని ముఖము చూచి, ఆ వెలుగు కండ్లలో నిండి, మాటలు ముగిసిన పిదపయు "బిడ్డ చిక్కిపోయాడు" అను తలపు గంటసేపు వదలదు. మన స్త్రీలు తరతరములుగా పాడుకొనుచు వచ్చిన పాటలో ఊర్మిళ పదునాలుగేండ్లు నిద్రించెను. లక్ష్మణుడు మేలుకొని అన్నను కాచెను. మన యిండ్లలో ఈ కథ తారుమారైనదని నాకు తోచును. ఇంటివారందరి మెలకువయు ఒక్క ఇల్లాలే అనుభవించుచున్నది.

అయినను ఇన్ని కారణములు చెప్పినంత మాత్రమున సమస్య తీరదు. ఒక విచిత్రమును గమనింపవలెను. మొదట నిద్రను చెరచిన కారణము తొలగిన పిదపయు నిద్రలేమి తొలగకుండుటయే ఆ విచిత్రము. దీని గుట్టు విప్పినవాడు ఆర్థర్ స్పీల్‌మన్ అను అమెరికను మనస్తత్త్వవేత్త. నిద్రలేమికి లోనగు స్వభావము వేరు, దానిని మొదలుపెట్టు సంఘటన వేరు, దానిని నిలబెట్టు అలవాట్లు వేరు అని 1987లో అతడు విభజించి చూపెను.

నలువది యెనిమిదేండ్ల గృహిణి నొకతెను ఊహించుకొనుడు. కూతురి పెండ్లి జరిగినది, ఇల్లు బోసిపోయినది, అప్పులు మిగిలినవి, ఒంటి ఆవిర్లును అప్పుడే మొదలైనవి. రెండు వారములు నిద్ర చెడినది. ఇంతవరకు దోషమేమియు లేదు. కాని ఆమె పోయిన నిద్రను రాబట్టుకొన నెంచినది. పదిన్నరకు పడుకొనునది తొమ్మిదింటికే పడక చేరినది. "విశ్రాంతి తీసుకో అమ్మా" అని కొడుకు చెప్పుటచే ఉదయము ఏడింటివరకు లేవదు. మధ్యాహ్నము గంటన్నర కునుకు. ఇప్పుడు ఆమె రాత్రి పడకమీద నుండునది పది గంటలు, నిద్రించునది అయిదున్నర గంటలు. మిగిలిన నాలుగున్నర గంటలు ఏమి చేయును? గోడ గడియారము చూచును. ఇంకెన్ని గంటలు మిగిలెనో లెక్కించును. రేపు పని ఎట్లు గడచునో యని దిగులుపడును. పగలెల్ల చిరుతిండి తిని, భోజనవేళ ఆకలి లేదని విచారించు పిల్లవానికిని ఈమెకును భేదము లేదు. ఇట్లు కొన్ని మాసములు గడచుసరికి పడక అనగానే దిగులు అను సంబంధము మనస్సున పాతుకొనిపోవును. టెలివిజను ముందు కుర్చీలో తూగుచున్న ఈమెయే, పడకగదిలో దీపమార్పగానే కండ్లు విచ్చును. అప్పులు తీరినను, ఆవిర్లు తగ్గినను ఈ అలవాటు తీరదు. నిద్రకై చేసిన ప్రయత్నమే నిద్రకు శత్రువైనది.

కావున చికిత్స మనమందరము ఇచ్చు సలహాకు సరిగా వ్యతిరేకమైనది: పడకమీద నుండు కాలమును తగ్గింపవలెను. దీనిని స్పీల్‌మన్ రూపొందించెను; పడకకును మెలకువకును గల సంబంధమును త్రెంపు పద్ధతిని అంతకు ముందే, 1972లో, రిచర్డ్ బూట్జిన్ ప్రకటించెను. ఈ రెండింటిని, దిగులు తలపులను సరిదిద్దు ఉపాయములను కలిపిన చికిత్సనే, నిద్రలేమి గల పెద్దలకు మందులకంటె ముందు ఈయవలెనని 2016లో అమెరికను వైద్యుల కళాశాల సలహా ఇచ్చినది.

ఆ గృహిణి చేయవలసిన దేమనగా, మొదట రెండు వారములు ఒక నోటుపుస్తకములో ఏ వేళకు పడుకొనెనో, సుమారెంత నిద్రించెనో, ఎప్పుడు లేచెనో ఉదయమున వ్రాసికొనవలెను. రాత్రి గడియారము చూడరాదు, దానిని గోడవైపు త్రిప్పి పెట్టుట మేలు. సగటున అయిదున్నర గంటలు నిద్రించుచున్నట్లు తేలినచో, పడకమీద నుండుటకు అయిదున్నర గంటలే అనుమతి. ఉదయము అయిదింటికి లేచుట నిశ్చయించుకొన్నచో రాత్రి పదకొండున్నరకు ముందు పడక చేరరాదు. రాత్రి నిద్ర పట్టినను పట్టకున్నను లేచు వేళ మారరాదు. ఆదివారమైనను, పండుగయైనను అంతే. ఎంత తక్కువ నిద్రించువారైనను అయిదు గంటలకు దిగువ పోరాదు. పగటి కునుకు మానవలెను. పడకమీద గడపిన కాలములో నూటికి ఎనుబదియైదు వంతులు నిద్రయే యని ఒక వారము లెక్కలో తేలినపుడు మరియొక పావుగంట చేర్చుకొనవచ్చును. ఇట్లు వారము వారము పెంచుకొనుచు పోవలెను.

మొదటి వారము కష్టముగా నుండునని ముందే చెప్పుట మంచిది. పగలు తూగు వచ్చును. పొయ్యి దగ్గర, స్కూటరు మీద జాగ్రత్త వలయును. "మందు వికటించింది" అని చాలమంది ఇచ్చటనే మానివేయుదురు. ఆ తూగే పోగొట్టుకొనిన నిద్రాకలి తిరిగి వచ్చుచున్నదనుటకు గుర్తు. సాధారణముగా నాలుగు మొదలు ఎనిమిది వారములలో గుణము కనిపించును. మూర్ఛవ్యాధి యున్నవారు, ఉన్మాదమును విషాదమును మార్చి మార్చి వచ్చు మనోవ్యాధి గలవారు, గర్భిణులు, వాహనములు యంత్రములు నడుపువారు వైద్యుని పర్యవేక్షణ లేక ఈ పద్ధతిని చేపట్టరాదు.

రెండవ నియమము: పడకమీద చేరి ఇరువది నిమిషములైనట్లు తోచినను నిద్ర రానిచో లేచి వేరొకచోట కూర్చుండవలెను; మగత కమ్మిన పిదపనే తిరిగి పడకకు పోవలెను. చెప్పుట సులభము. రెండు గదుల ఇంటిలో పదిమంది పడుకొనుచోట లేచి ఎక్కడికి పోవును? ముందు గదిలో ఒక మూల చాపయు, సన్నని దీపమును చాలును. కోడలు అర్ధరాత్రి లేచి కూర్చున్నచో ఇంటివారందరును ఆరాతీయుదురు గనుక, ఇది చికిత్స యని ముందుగానే అందరికిని చెప్పియుంచవలెను. ఇచ్చట మన స్త్రీలు సాధారణముగా చేయు పని యొకటి కలదు: "ఎటూ మెలకువే గదా" అని అంట్లు తోముట, రేపటి కూర తరుగుట, ఇస్త్రీ చేయుట. అట్లు చేసినచో ఆ మెలకువకు ఒక ప్రయోజన మేర్పడి, మరునాడు అదే వేళకు దేహము తానే లేపును. నడిరేయి ఏ ఉపయోగమును లేని పనియే మేలు. పాత వారపత్రికను త్రిప్పుట చాలును; ఫోను మాత్రము వలదు.

దిగులు తలపులకు సాయంకాలమే ఒక వేళ ఏర్పరుపవలెను. రాత్రి భోజనమునకు ముందు పది నిమిషములు కూర్చుండి రేపటి పనుల చిట్టాను, మనస్సున మెదలు చింతలను కాగితముపై పెట్టి మూసివేయుట పలువురకు ఉపకరించినది. కాగితముపై నున్నదానిని తల మోయ నక్కరలేదు.

ఇక మాత్రల సంగతి. నిద్రమందుల చరిత్రలో స్త్రీలు చెల్లించిన మూల్యము తక్కువ కాదు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అను నిద్రమందును మిక్కిలి సురక్షితమని విక్రయించిరి; వేవిళ్ళకును వాడిరి. గర్భిణులు దానిని వాడుటచే కాలుసేతులు వంకరలై, పొట్టివై వేలకొలది శిశువులు జన్మించిరి. 1961లో అచ్చట దానిని విపణినుండి తొలగించిరి. ఇది పాతకథ యని తలంపరాదు. జోల్పిడెమ్ అను నిద్రమందు స్త్రీల ఒంటినుండి పురుషులకంటె నెమ్మదిగా విరుగును. ఉదయము లేచిన పిదపయు రక్తములో నిలిచి వాహనము నడుపువారికి ప్రమాద హేతువగును. అందుచేత 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ స్త్రీలకు సిఫారసు చేయు మోతాదును పది మిల్లీగ్రాముల నుండి అయిదింటికి, అనగా సగమునకు తగ్గించినది. 1992లో ఆ మందు అచ్చట అనుమతి పొందినది; అనగా ఇరువదేండ్లు స్త్రీలు పురుషుని కొలతతోనే దానిని పుచ్చుకొనిరి!

మన దేశమున అల్ప్రాజోలామ్, డయాజిపామ్, జోల్పిడెమ్ మొదలగునవి 2014 నుండి హెచ్-1 అను ప్రత్యేక పట్టికలో చేరినవి. వైద్యుని చీటీ లేక అమ్మరాదు, అమ్మినదానిని పుస్తకమున వ్రాయవలెను. అయినను పొరుగింటి వదినగారు తన డబ్బాలోనుండి ఇచ్చు మాత్రకు ఏ చట్టము అడ్డుపడును? కొన్ని దినములకై వైద్యుడు వ్రాసిన మాత్రను ఏండ్ల తరబడి వాడుట నేను నిత్యము వినుచున్న సంగతి. వృద్ధులలో ఇవి రాత్రివేళ తూలిపడుటకు, తుంటియెముక విరుగుటకు దారితీయును. ఇట్లు చాలకాలము వాడుచున్నవారు ఈ ప్రసంగము విని నేటినుండియే మానివేయరాదు. ఒక్కసారిగా మానినచో వణకు, తీవ్రమైన ఆందోళన, ఒక్కొక్కప్పుడు మూర్ఛలు రావచ్చును. వైద్యుని సలహాతో వారములు, మాసములు తీసికొని మెల్లగా తగ్గింపవలెను.

బాలింత విషయము వేరుగా చెప్పవలసియున్నది. నేను పైన వర్ణించిన పద్ధతులు ఆమెకు కావు. ఆమెకు నిద్ర రాకపోవుట కాదు, నిద్రింప తీరిక లేకపోవుట. పుట్టింట నున్ననాళ్ళు తల్లియో అక్కయో బిడ్డను ఎత్తుకొందురు. అత్తింట చేరినపిదప ఆ ఏర్పాటు తరచుగా ఆగిపోవును. రాత్రి ఒక్క పాలు పట్టు వేళను వేరొకరు భరించి, ఆమెను నాలుగయిదు గంటలు ఎడతెగక నిద్రింపనిచ్చిన చాలును. తల్లిపాలు తీసి ఉంచినచో తండ్రియు పట్టవచ్చును. అందులో అగౌరవ మేమియు లేదు. అయితే బిడ్డ నిద్రించి, ఇల్లు సద్దుమణగి, అవకాశముండియు బాలింతకు వరుసగా నిద్ర రానిచో, ఊరక కన్నీరు పెట్టుచున్నచో, అది పురిటి తరువాత వచ్చు విషాదరోగము కావచ్చును. నిద్రయే అక్కరలేనట్లు రెండు మూడు రాత్రులు తిరుగుచు, పొంతన లేని మాటలాడుచు, బిడ్డను గూర్చి వింత భయములు చెప్పుచున్నచో, అది గాలిసోకు కాదు, దిష్టి కాదు. అది ప్రాణాపాయకరమైన వ్యాధి. వేళకు చికిత్స జరిగిన బాగుగా నయమగును. అట్టి స్త్రీని ఒంటరిగా విడువరాదు. బిడ్డను ఆమెకు తోడుగా ఒంటరిగా ఉంచరాదు. ఆనాడే ఆసుపత్రికి కొనిపోవలెను.

నిద్రలేమితోపాటు జీవితముపై విరక్తి, చావు తలపులు కలుగువారును ఆలసింపరాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను ఉచిత సేవ కలదు. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. రాత్రి రెండు గంటలకైనను అచ్చట ఎవరో ఒకరు పలుకుదురు.